ఆయన కుడిచెయ్యి

ఆ పిల్ల మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు, సంచిలోంచి నూనె సీసా తీస్తుందనుకున్నాను. పక్షవాతం వచ్చిన మనిషికి ఇంటికొచ్చి వైద్యం చేసేవాళ్లంటే నాకు తెలిసింది అదే. మా వాడకట్టులో ఎవరికి కాలు పడిపోయినా, చెయ్యి పడిపోయినా, ఎవరో ఒక పెద్దాయన సీసాతో వచ్చి, చర్మం ఎర్రబడేదాకా రుద్ది పోయేవాడు. అందుకని నేను పొద్దున్నే ఒక పాత చాప, మరకలు పడినా పరవాలేదనుకునే దుప్పటి తీసి పెట్టాను. మంచం మీది మంచి దుప్పటి మడిచి బీరువాలో దాచేశాను.

ఆ పిల్ల నూనె తీయలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచింది. చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగింది. మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆయన కుడిచేతిని తన ఒళ్లో పెట్టుకుని, ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మామ్మగారూ, తాతగారు అన్నం ఎలా తింటున్నారండి?"

"మంచిగనే తింటుండు. పొద్దుగాల రెండు రొట్టెలు, పగటీలి అన్నం, రాత్రికి మళ్ల అన్నం. దవాఖాన్ల ఉన్నప్పటి కన్నా ఇప్పుడే నయం."

"ఎంత తింటున్నారని కాదండి. ఎవరి చేత్తో తింటున్నారు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. చెయ్యి పడిపోయిన మనిషి ఎవరి చేత్తో తింటాడు? నా చేత్తోనే.

ఆమె ఫిజియోథెరపీ చదివిన పిల్ల. రోగుల ఇళ్లకు స్కూటీ మీద వెళ్లి, పడిపోయిన చేతులకూ కాళ్లకూ మళ్లీ పని నేర్పడం ఆమె ఉద్యోగం. తల్లిదండ్రులు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే అయినా మాట మాత్రం తల్లిదే. నా మనవరాలి కంటే పదేళ్లు పెద్దదై ఉంటుందేమో. కరెంటు ఆఫీసులో పనిచేసే నా కొడుకు ఎవరినో అడిగి ఆమెను మాట్లాడి పెట్టాడు. వారానికి మూడు రోజులు, వచ్చినప్పుడల్లా ఒక గంట.

"ఇంత చిన్న పోరి ఏం చేస్తదిరా?" అని నేను గొణిగితే, "నువ్వు జర నోరు మూసుకొని ఆమె చెప్పినట్టు చెయ్యమ్మా, నీకు దండం పెడ్త" అన్నాడు. వాడు నాతో అట్లా మాట్లాడటం అదే మొదలు. తండ్రి గురించి భయపడి ఉన్నాడు.

మా ఆయన సర్కారు ప్రెస్సులో పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి జిల్దులు కట్టే పని చేసి రిటైరయ్యాడు. లావుపాటి రిజిస్టర్లు, గజెట్లు, లాయర్ల పుస్తకాలు. కాగితాల కట్టను టేబుల్ మీద రెండుసార్లు తట్టి అంచులు కలిపేవాడు. సూదికి దారం ఎక్కించడానికి కళ్లద్దాలు అడిగేవాడు కాదు. రిటైరయ్యాక కూడా ఖాళీగా కూర్చోలేదు. నా మనవరాలి నోటు పుస్తకాలలో మిగిలిన తెల్ల కాగితాలన్నీ ఏటేటా చింపి, కుట్టి, పాత చీర ముక్కతో అట్ట వేసి కొత్త పుస్తకం చేసేవాడు. మనవరాలు సిగ్గుపడేది, కొత్తవి కొనివ్వమని ఏడ్చేది. నేను కొననివ్వలేదు. ఆయన కట్టిన పుస్తకం చినిగేది కాదు, ఇంక కొనడమెందుకు?

అలాంటి చెయ్యి ఒకరోజు పొద్దున టీ గ్లాసు పట్టుకోబోయి, పట్టుకోలేక, అక్కడే ఉండిపోయింది. మూతి ఒక పక్కకు వాలింది. దవాఖానలో ఉండి వచ్చాక కాలు తొందరగానే కోలుకుంది. గోడ పట్టుకుని బాత్‌రూమ్ దాకా నడిచేవాడు. మాట కాస్త ముద్దగా వచ్చేది గాని అర్థమయ్యేది. చెయ్యి మాత్రం రాలేదు. ఆయనకు కావలసింది ఒక్క చెయ్యే. దవాఖాన నుంచి వచ్చిన రోజే నాతో అన్నాడు, "కాలు పోయినా మంచిగుండు. కూసొని పని చేసుకునేటోణ్ని" అని.

ఆ పిల్ల ఆ మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"చూడండి మామ్మగారూ. నేను వారానికి మూడు గంటలే వస్తాను. నేను చేయించేది కొంతే. అన్నం మాత్రం రోజుకు మూడు పూటలు తింటారు కదా. అసలు వైద్యం అది. ఆయన చేత్తో ఆయన్నే తిననివ్వండి. ముద్ద కలపలేకపోతే కెలకనివ్వండి. నోటిదాకా రాకపోతే సగంలో పడనివ్వండి. మొదటి కొద్ది నెలలే చెయ్యి తిరిగొచ్చే కాలం. అప్పుడు వాడకుండా వదిలేస్తే, అదింక మరిచిపోతుంది."

"పడ్తే?"

"పడనివ్వండి."

"అన్నమా?"

"కింద పేపరు పరవండి. ఒళ్లో తువ్వాలు వెయ్యండి. పడింది పడిందే. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి. ఆయన వైపు చూడకపోయినా పరవాలేదు."

నాకు నవ్వొచ్చింది. నేను ఎక్కువ నవ్వే మనిషిని కాను.

"నువ్వు చెప్పుడు మంచిగనే ఉన్నది బిడ్డా. అన్నం కింద పడేసుడు కూడ వైద్యమేనా?"

"ఈ ఇంట్లో అదే వైద్యమండి" అంది ఆమె కూడా నవ్వుతూనే.

సంచిలోంచి ఒక కాగితం తీసి మంచం పక్కన గోడకు అతికించింది. గళ్లు గీసిన కాగితం. ఒక వరుసలో పళ్లెం బొమ్మ, ఒక వరుసలో దువ్వెన, ఒక వరుసలో చొక్కా గుండీ, ఒక వరుసలో గ్లాసు. ఏ పని ఆయన కుడిచేత్తో చేస్తే ఆ గడిలో టిక్కు పెట్టాలి. నేను నాలుగో తరగతి దాకా చదివాను. చదవడం వచ్చు, రాయడం వచ్చు, ఇంక టిక్కు పెట్టడం రాదా? పెన్సిల్‌కు దారం కట్టి మేకుకు వేలాడదీశాను.

మొదటి రెండు రోజులు ఆమె చెప్పినట్టే చేశాను. పేపరు పరిచాను. తువ్వాలు కప్పాను. పళ్లెంలో పప్పన్నం పెట్టి ఆయన ముందుంచి, తలుపు దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు నటించాను. ఆయన చెయ్యి పళ్లెంలోకి వెళ్లేది. వేళ్లు మూసుకునేవి కావు. అరచేత్తో పళ్లెం అంచుకు నెట్టి, ఏదో నాలుగు మెతుకులు అంటించుకుని పైకి లేపేవాడు. మోచెయ్యి వణికేది. నోటి దగ్గరకు వచ్చేసరికి రెండు మెతుకులు మిగిలేవి. పప్పు మణికట్టు మీదుగా జారి చొక్కా చేతిలోకి పోయేది. ఒక పూట అన్నానికి గంట పట్టింది. పళ్లెంలో పెట్టిన దాంట్లో సగం పేపరు మీదే ఉంది.

మూడో రోజు నావల్ల కాలేదు.

ఎందుకో చెప్పుకోవాలి. మా అమ్మ కార్వాన్‌లో బియ్యం గోదాముల ముందు ఊడ్చేది. బస్తాలు దించేటప్పుడు రోడ్డు మీద రాలిన గింజలు ఊడ్చి, కొంగులో మూటగట్టి, ఇంటికి తెచ్చేది. నేను చాటలో చెరిగి, రాళ్లు ఏరి, ఏడెనిమిదిసార్లు కడిగేదాన్ని. అదే మా అన్నం. నేను బడి మానేసింది కూడా అందుకే. పొద్దున్నే వెళ్తేనే గింజలు దొరికేవి, ఆలస్యమైతే వేరేవాళ్లు ఊడ్చుకుపోయేవాళ్లు. ఆ రోజుల్నుంచి నా ఇంట్లో మెతుకు కింద పడనిచ్చిన దాన్ని కాను. పిల్లలు పడేస్తే ఏరుకుని తినేదాకా లేవనిచ్చేదాన్ని కాను. నా కోడలు కూడా నా మొహం చూసి పళ్లెం తుడుచుకుని తింటుంది.

మూడో రోజు ఆయన చెయ్యి ఎత్తబోయి పళ్లేన్నే తోసేశాడు. అన్నమంతా నేల మీద పడింది, పేపరు దాటి. ఆయన నా మొహం చూశాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"జరుగు" అన్నాను. అన్నం ఎత్తాను. కొత్త అన్నం పెట్టుకొచ్చి నేనే కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఆయన నోరు తెరిచాడు.

పది నిమిషాలలో భోజనం అయిపోయింది. ఒక్క మెతుకు పడలేదు. మూతి తుడిచి, లేచి, గోడ మీద పళ్లెం బొమ్మ గడిలో టిక్కు పెట్టాను.

ఆ టిక్కు ఎందుకు పెట్టానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ పిల్ల వస్తే మాటలనిపించుకోవాలి కదా అనుకున్నాను. ఈ వయసులో, నా మనవరాలి లాంటి పిల్లతో. ఒక్క రోజుకే కదా, రేపటి నుంచి ఆయన్నే తిననిద్దాం అనుకున్నాను. మర్నాడు ఇంట్లో ఆకుకూర ఉంది, నిప్పులా కాలుతోంది, చెయ్యి కాల్చుకుంటాడని నేనే పెట్టాను. ఆ మర్నాడు కారణం కూడా వెతకలేదు.

ఆ పిల్ల వచ్చినప్పుడల్లా ముందు గోడ చూసేది.

"తాతగారూ, బాగా తింటున్నారే!"

"ఆఁ" అనేవాడు ఆయన, నా వైపు చూడకుండా.

"మామ్మగారూ, చెయ్యి పెట్టట్లేదు కదా?"

"నేనెందుకు పెడ్త? నాకు వంటింట్ల పని లేదా?"

ఆమెకు టీ ఇచ్చేదాన్ని. చిన్న గ్లాసులో సగం. "సగం గ్లాసు టీ ఈ జహనుమా బస్తీ మొత్తంలో మీ ఇంట్లోనే ఇస్తారండి" అనేది. "మీ దిక్కు బకెట్లతోటి తాగుతరా ఏంది?" అనేదాన్ని. ఆమె పడీ పడీ నవ్వేది. మా గల్లీ చాలా ఇరుకు. ఆమె స్కూటీ అడ్డంగా ఉంటే ఎదురింటి చాచా బయటి నుంచి కేకేసేవాడు, "బేటీ, గాడీ జరా హటాలో!" అని. ఆమె పరుగెత్తి వెళ్లి జరిపి వచ్చి, మళ్లీ ఆయన వేళ్లు పట్టుకునేది. మనసులో ఆ పిల్లను ఇష్టపడటం మొదలుపెట్టాను. బయటికి చూపించలేదు.

ఆయన పని ఏమిటో తెలుసుకుని ఆమె వ్యాయామాలు మార్చింది. పాత పేపర్లు తెచ్చి మడత పెట్టమనేది. "తాతగారూ, రిజిస్టరుకు కాగితం మడిచినట్టు మడవండి" అనేది. ఆయన మడవలేకపోయేవాడు. ఒకరోజు బొటనవేలు కొంచెం కదిలింది. కాగితం అంచు వేళ్లకు చిక్కింది. వంకరగా ఒక మడత పడింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "గిది నా పని కాదు బిడ్డా, గిట్ల వంకరగుంటే మా సారు చింపేస్తుండె" అన్నాడు. అది రెండో నెలలో. అంత దాకా వచ్చింది చెయ్యి. ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది.

ఆ పిల్లకు అర్థం కాలేదు. "రోజూ మూడు పూటలా తింటుంటే ఈపాటికి వేళ్లకు కొంచెం పట్టు రావాలండి" అనేది. గోడ మీది కాగితం మళ్లీ మళ్లీ చూసేది. పళ్లెం వరుసలో అన్నీ టిక్కులే. నావి. ఆమె తను చేసే వైద్యంలోనే ఏదో లోపం ఉందనుకుంది. బంతి తెచ్చింది, మెత్తటి పిండి ముద్ద తెచ్చింది, బట్టలకు పెట్టే క్లిప్పులు తెచ్చింది. ఒకరోజు గుమ్మంలో నిలబడి తనకు చదువు చెప్పిన సారుకు ఫోన్ చేసి, "ఏం మిస్సవుతున్నానో తెలియట్లేదు సార్" అంటుంటే విన్నాను. ఆదివారం కూడా రావడం మొదలుపెట్టింది. ఆ గంటకు డబ్బు వద్దంది.

అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. వంటింట్లోకి వెళ్లి, ఆమెకు గ్లాసు నిండా టీ పోసి తెచ్చాను. అంతకంటే నా వల్ల కాలేదు.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఒకటి దాచకుండా రాస్తాను. నేను చేయి పెట్టింది మెతుకుల కోసం ఒక్కటే కాదు. మా పెళ్లయినప్పటి నుంచి ఆయన తిన్నాకే నేను తినేదాన్ని. ఆయన డ్యూటీకి పోయే తొందరలో గోడ వైపు చూస్తూ తినేవాడు. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఎదురెదురుగా కూర్చున్నది లేదు. ఆయన మంచిగున్నదనడు, నేను అడగను. ఈ జబ్బు వచ్చాకే ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలోకి వచ్చింది. ముద్ద కోసం నోరు తెరిచి నన్నే చూసేవాడు. నమిలేటప్పుడు కూడా నన్నే చూసేవాడు. ఒకసారి, "ఉప్పు జర తక్కువేసినవ్" అన్నాడు. ఇన్నేళ్లలో నా వంట గురించి ఆయన అన్న మొదటి మాట అది. ఆ పూట నాకు కడుపు నిండినట్టు అనిపించింది. అట్లాంటి పూటను పేపరు మీద మెతుకులకు ఇవ్వబుద్ధి కాలేదు. ఇది నా కొడుక్కు కూడా చెప్పలేదు.

మూడు నెలలు దాటాక ఒకరోజు ఆ పిల్ల చెప్పకుండా వచ్చింది. మామూలుగా సాయంత్రం నాలుగింటికి వచ్చేది. ఆ రోజు యాకుత్‌పురాలో చూడాల్సిన రోగిని దవాఖానకు తీసుకుపోయారట. దారే కదా అని పగలు పన్నెండున్నరకే మా ఇంటికొచ్చింది. కొడుకూ కోడలూ పనులకు పోయారు, మనవరాలు బడికి. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె తోసుకుని లోపలికి వచ్చేసరికి నా చెయ్యి ఆయన నోటి దగ్గర ఉంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముద్ద పెట్టాను. ఆయన నమలడం ఆపాడు.

ఆ పిల్ల పళ్లెం చూసింది, నా వేళ్లు చూసింది. తర్వాత గోడ మీది కాగితం.

"ఇవన్నీ ఎవరు పెట్టారండి?"

"నేనే పెట్టిన."

"మొదటి నుంచీనా?"

"రెండు దినాలు ఆయనే తిన్నడు. తర్వాత నేనే."

ఆయన నమలకుండానే ముద్ద బుగ్గన పెట్టుకుని అన్నాడు, "ఆమెనేమనకు బిడ్డా. నాకే గిట్ల మంచిగనిపించింది. నేనే అడిగిన."

ఆయన అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను కాయడానికి అబద్ధం ఆడాడు.

ఆ పిల్ల కేకలేస్తుందనుకున్నాను. కేకలేసి ఉంటే బాగుండేది. ఆమె నేల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"నాకు పని రాదేమో అనుకున్నానండి" అంది. "నా చేతుల్లోనే ఏదో తప్పుందేమోనని ఇన్నాళ్లూ..."

లేచి చెయ్యి కడుక్కున్నాను. నీళ్లు చాలాసేపు పోనిచ్చాను, నేనెప్పుడూ అలా పోనిచ్చేదాన్ని కాదు.

ఆ రోజు నుంచి పేపరు మళ్లీ పరిచాము. ఆమె భోజనం వేళకే వచ్చేది, దాదాపు రోజూ. ఆయన వెనకాల కూర్చుని, మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి, "ఇంకొంచెం తాతగారూ, ఇంకొంచెం" అనేది. పళ్లెం జారకుండా కింద తడి గుడ్డ వేసింది. మెతుకులు పడేవి. నేను ఏరలేదు. ఏరకుండా ఉండటానికి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. అప్పటికే వేళ్లు గట్టిపడిపోయాయి. విప్పితే నొప్పి అని అరిచేవాడు. బొటనవేలు రెండో నెలలో కదిలినంత కూడా కదల్లేదు. రెండు నెలలు అలా చేశాము. కాగితానికి ఇంకో మడత పడలేదు.

ఆఖరి రోజు ఆ పిల్ల చెప్పాల్సింది ఆయనకు మెల్లగా చెప్పింది. కాలు ఇంకా బాగుపడుతుంది, నడక మానొద్దు, చెయ్యి ముడుచుకుపోకుండా రోజూ సాగదీయండి, నొప్పి తగ్గుతుంది అని. ఇంక తను రావాల్సిన పని లేదని కూడా చెప్పింది. ఆయన తల ఊపాడు. "నువ్వు మస్తు కష్టపడ్డవ్ బిడ్డా" అన్నాడు.

గల్లీలో స్కూటీ దగ్గర నేను ఆమెను ఆపాను.

"ఒకటి అడుగుత. అబద్ధం చెప్పకు. నేను చాన చెప్పిన, నువ్వు చెప్పకు."

"అడగండి."

"మొదటి నుంచి నేను చెయ్యి పెట్టకపోతే, ఆయన చెయ్యి వస్తుండెనా?"

ఆమె హెల్మెట్ చేతిలో తిప్పింది. "ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరండి" అంది.

"నువ్వేమనుకుంటున్నవ్, గది చెప్పు."

"పుస్తకాలు కుట్టేంత వచ్చేది కాదేమో" అంది. తర్వాత నా మొహం చూడకుండా, "అన్నం మాత్రం తినేవారండి" అంది.

స్కూటీ గల్లీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. లోపలికి రాబుద్ధి కాలేదు. ఎదురింటి చాచా, "క్యా హువా అమ్మా, తబియత్ ఠీక్ హై నా?" అని అడిగాడు. ఒంట్లో ఠీకే అన్నాను.

ఆ సాయంత్రమే ఆయనకు చెప్పాను. దాచిపెట్టి ఉండలేకపోయాను. మంచం మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"ఆ పిల్లను అడిగిన నేను. నేను తినిపియ్యకుంటే నీ చెయ్యి అన్నం తినేంత వస్తుండెనట."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"అది ఎట్లయినా పోయిందే కదనే" అన్నాడు.

"లేదు. పోలే అప్పుడు. నేను పోగొట్టిన."

ఆయన ఆ మాట విని తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు. నన్ను తిట్టలేదు. "గట్లనా" అన్నాడు. ఆ రాత్రి ఆకలి లేదని పడుకున్నాడు. ఆకలి లేకపోవడం ఆయనకు అలవాటు లేదు.

మర్నాడు పగలు అన్నం కలుపుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. పేపరు పరచలేదు, ఇంక ఎందుకని. ముద్ద నోటి దగ్గర పెట్టాను. ఆయన నోరు తెరవలేదు.

"చెంచా తే" అన్నాడు.

"ఎందుకు?"

"తేవే."

తెచ్చాను. ఎడమచేత్తో అందుకున్నాడు. ఆ చేత్తో ఆయన జీవితంలో అన్నం ముట్టలేదు. ఎవరైనా ఎడమచేత్తో నీళ్ల గ్లాసు ఇచ్చినా తీసుకునేవాడు కాదు. పిల్లలు చిన్నప్పుడు ఎడమచెయ్యి పళ్లెంలో పెడితే మణికట్టు మీద కొట్టేవాడు. ఆ చేత్తో చెంచా పట్టుకుని, మంచం మీదే నెమ్మదిగా జరిగి, నాకు వీపు చూపించి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి చెంచా సగం ఒలికింది.

"నేను పెడ్తనయ్యా" అన్నాను. "ఇంక ఆ చెయ్యి ఎట్లా రాదు కదా. నేను పెట్టినా ఏం కాదు కదా ఇప్పుడు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను ఎవరినీ బతిమాలే మనిషిని కాను.

ఆయన తిరగలేదు. కోపంగా అనలేదు. మామూలుగా, దారం అందించమన్నట్టు అన్నాడు.

"వద్దే. ఈ చెయ్యన్న ఉండనియ్యి నాకు."

ఇది జరిగి సంవత్సరం దాటింది. ఇప్పుడు ఎడమచేత్తో మంచిగానే తింటున్నాడు. పప్పు ఒలకదు, మెతుకులు ఎక్కువ పడవు. కొడుకు చూసి సంతోషపడతాడు, "చూసినవా అమ్మా, బాపు ఎవ్వలి మీద ఆధారపడకుండ తింటుండు" అంటాడు. అవును అంటాను. ఆయన నాతో మునుపటిలాగే ఉంటాడు. మందులు వేళకు అడుగుతాడు, సాయంత్రం నా భుజం పట్టుకుని గల్లీ చివరిదాకా నడుస్తాడు. నా మీద పగ లేదు. ఎడమచేత్తో తినడం ఎవరైనా చూస్తే ఆయనకు సిగ్గు, అంతే. అందుకని పళ్లెం పెట్టి నేను వంటింట్లోకి వచ్చేస్తాను. నా అన్నం పెట్టుకోను. పీట మీద కూర్చుని, గోడ అవతల పళ్లేనికి చెంచా తగిలే చప్పుడు వింటూ ఉంటాను. అది ఆగాక లేస్తాను.